కాగితం మీద నెలకొన్న ప్రభుత్వం: సింహళ ద్వీపంలో బ్రిటిష్ అధికార స్థాపన, 1795–1833

(కొమర్రాజు లక్ష్మణరావు స్మారకోపన్యాస పాఠం)

1. శాసనమనే మాట

తెలుగులో శాసనమనే మాటకు రెండు అర్థాలు పక్కపక్కనే నడుస్తాయి. రాజు రాతిమీదనో రాగిరేకుమీదనో చెక్కించిన ఆజ్ఞ ఒకటి. చట్టసభ చేసే చట్టం మరొకటి. ఈ రెండింటినీ ఒకే పేరుతో పిలవడంలో తెలుగు భాష ఎరిగిన సత్యమొకటి ఉంది: అధికారం కత్తితో రావచ్చుగాని, అది నిలవాలంటే రాతకెక్కాలి, ఆ రాతను నలుగురి ఎదుట చదివించాలి, చదివినదాన్ని భద్రపరచాలి. కొమర్రాజు వెంకట లక్ష్మణరావు మొదటి అర్థంలోని శాసనాలను చదివి, సరిపోల్చి, ఆధారం చూపనిదే చరిత్ర రాయరాదన్న నియమాన్ని తెలుగు రచనలో నాటిన పండితుడు. 1906లో మొదలైన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి ద్వారా చరిత్రను, ప్రకృతి శాస్త్రాలను తెలుగు చదువరి చేతికందించి, ఆంధ్ర విజ్ఞాన సర్వస్వం కోసం శ్రమిస్తూ 1923లో ఆయన కన్నుమూశారు. ఆయన స్మృతికి సమర్పితమైన ఈ ఉపన్యాసం రెండవ అర్థంలోని శాసనాలను గురించినది. ఒక దీవి కొత్తగా చేతికి వచ్చినప్పుడు, అక్కడ ప్రభుత్వాన్ని నెలకొల్పడానికి ఒక సామ్రాజ్యం ఏయే పత్రాలు రాసుకొంది, ఏ మాటలు ఇచ్చింది, వాటిలో దేన్ని నిలబెట్టుకొంది, దేన్ని తీసివేసింది అన్నది ఇక్కడ విచారించే విషయం.

ఆ దీవి సింహళం, నేటి శ్రీలంక. తెలుగువారికి ఇది దూరపు కథ కాదు. ఆ దీవి తీరప్రాంతాన్ని మొదట పాలించింది మద్రాసు ప్రభుత్వం. గుంటూరు, రాజమహేంద్రవరం, మచిలీపట్నం కాగితాలు చేరే సెయింట్ జార్జి కోటకే కొలంబో కాగితాలు కూడా చేరేవి. కాండీ సింహాసనం మీద చివరగా కూర్చున్న నలుగురు రాజులు, మదురై ప్రాంతం నుంచి వెళ్లిన, తెలుగు మూలాలున్న నాయక కుటుంబాలవారు. తెలుగు గ్రామాల కైఫీయతులను సేకరింపజేసిన కాలిన్ మెకంజీ కూడా 1796 నాటి సింహళ దండయాత్రలో పాల్గొన్నవాడే. అక్కడి నుంచి తిరిగివచ్చిన తరువాతనే కావలి వెంకట బొర్రయ్య సహాయంతో ఆయన సేకరణ ఒక పద్ధతిలో సాగింది.

2. జయించిన భూమికి ఏ చట్టం?

సింహళ పత్రాలను చదవడానికి ముందు, వాటిని రాసినవారి తలలో ఉన్న న్యాయసూత్రాన్ని తెలుసుకోవాలి. ఇంగ్లీషు న్యాయం పరాయి భూములను రెండు తెగలుగా విడదీసింది. జనం లేరని, లేక లెక్కించదగిన ప్రభుత్వం లేదని తాము భావించిన చోట ఇంగ్లీషువారు వెళ్లి కాపురం పెడితే అది ‘స్థిరనివాస భూమి’. అక్కడికి వెళ్లినవారు తమ చట్టాన్ని తమవెంట తీసుకువెళ్లినట్లే లెక్క. యుద్ధంలో గెలిచినదీ, సంధిలో మరొక రాజ్యం వదులుకొన్నదీ ‘జయించిన భూమి’. అక్కడ అంతకుముందున్న చట్టం, కొత్త పాలకుడు మార్చేదాకా అలాగే నడుస్తుంది, మార్చే అధికారం మాత్రం పార్లమెంటు ప్రమేయం లేకుండానే రాజుకు ఉంటుంది.

ఈ సూత్రానికి స్పష్టమైన రూపం ఇచ్చినది కూడా ఒక దీవికి సంబంధించిన వ్యాజ్యమే. కరీబియన్ సముద్రంలోని గ్రెనడాను ఇంగ్లీషువారు 1762లో ఫ్రెంచివారి నుంచి పట్టుకొన్నారు. 1763 పారిస్ సంధి ఆ దీవిని వారికి ఖాయం చేసింది. ఆ ఏడాది అక్టోబరు 7న వెలువడిన రాజప్రకటన, కొత్త కాలనీలలో ప్రజల ప్రతినిధుల సభ ఏర్పడుతుందని మాట ఇచ్చింది. అయితే 1764 జులైలో రాజు తన ముద్రాంకిత పత్రం ద్వారా అక్కడి ఎగుమతి సరుకుల మీద నూటికి నాలుగున్నర చొప్పున సుంకం విధించాడు. క్యాంప్‌బెల్ అనే తోటల యజమాని ఆ సుంకం కట్టి, అది చెల్లదంటూ సుంకాధికారి హాల్ మీద దావా వేశాడు. 1774లో ప్రధాన న్యాయమూర్తి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఇచ్చిన తీర్పు తరువాతి కాలనీలన్నిటికీ కొలబద్ద అయింది. జయించిన దేశపు చట్టాలు మార్చేదాకా నిలుస్తాయని, ఆ దేశం ఏ షరతులమీద లొంగిందో ఆ షరతులు పవిత్రమైనవని, వాటిని మీరరాదని ఆయన చెప్పాడు. రాజుకు ఒంటరిగా చట్టం చేసే అధికారం ఉందిగాని, ఒకసారి ప్రతినిధి సభను ఇస్తానని లోకానికి చాటిన తరువాత ఆ అధికారం అతని చేయి దాటిపోతుందని తేల్చి, సుంకం చెల్లదన్నాడు. క్రైస్తవేతరుల దేశాన్ని జయిస్తే అక్కడి చట్టాలు ఆ క్షణమే రద్దవుతాయని 1608 నాటి ఒక పాత తీర్పులో ఉన్న వాక్యాన్ని కూడా ఆయన అసంబద్ధమని తోసిపుచ్చాడు.

ఈ తీర్పులో ఒక ఉదారత ఉంది, దాని పక్కనే ఒక లోపం ఉంది. ఓడినవారికి ఇచ్చిన మాట పవిత్రమైనదని అది ఒప్పుకొంది. ఆ మాట తప్పితే ఓడినవారు ఎవరి గడప తొక్కాలో చెప్పలేదు. క్యాంప్‌బెల్‌కు న్యాయం దొరికినది అతడు రాజుగారి కోర్టులో నిలబడగల బ్రిటిష్ ప్రజ కాబట్టి, అతని చేతినుంచి సుంకం రూపంలో పోయిన సొమ్ము ఉంది కాబట్టి. సింహళంలో ఈ రెండూ లేనివారి సంగతి ఏమైందన్నది చూడవలసి ఉంది.

3. లొంగుబాటు, మద్రాసు పాలన

సింహళ తీరప్రాంతాలు పద్దెనిమిదవ శతాబ్దమంతా డచ్చి ఈస్టిండియా కంపెనీ చేతిలో ఉండేవి. 1795 జనవరిలో ఫ్రెంచి సైన్యాలు హాలెండును ఆక్రమించగా, ఆ దేశాధినేత అయిదవ విలియం ఇంగ్లండుకు పారిపోయి, లండను సమీపంలోని క్యూ నుంచి ఫిబ్రవరిలో తన దేశపు విదేశీ కోటల గవర్నర్లకు లేఖలు రాశాడు: బ్రిటిష్ సైన్యాలను మిత్రులుగా లోపలికి రానివ్వవలసిందని వాటి సారాంశం. ఆ లేఖలను పట్టుకొని మద్రాసు గవర్నరు లార్డ్ హోబార్ట్ సైన్యాన్ని పంపాడు. అంటే సింహళంలో బ్రిటిష్ అధికారానికి తొలి కాగితం జయపత్రం కాదు, ఇల్లు కోల్పోయిన యజమాని రాసిన కాపలా చీటీ. డచ్చి అధికారులు దాన్ని పూర్తిగా మన్నించలేదు. 1795 ఆగస్టులో తిరుకోణమలై కోట పోరాడి లొంగింది, 1796 ఫిబ్రవరి నడుమ కొలంబో కోట దాదాపు పోరాటం లేకుండానే లొంగింది. దీనితో మిత్రుడి కాపలా కాస్తా విజేత హక్కుగా మారిపోయింది.

కోట లొంగేటప్పుడు రెండు పక్షాల సేనానులు రాసుకొనే ఒప్పందాన్ని ‘లొంగుబాటు ఒడంబడిక’ అంటారు. అడిగేవాడు ఒక్కొక్క అంశం రాస్తాడు, గెలిచినవాడు దాని ఎదురుగా ఒప్పుకొన్నదీ కాదన్నదీ రాస్తాడు. డచ్చి కంపెనీ ఆస్తి గెలిచినవారికి, ప్రైవేటు వ్యక్తుల ఆస్తి వారివారికే అన్నది కొలంబో ఒడంబడికలోని కీలకాంశం. ఆ పత్రంలో మాట్లాడినవారు యూరోపియన్లు; వారు తమ ఇళ్లకు, తోటలకు, బాకీలకు రక్షణ అడిగి తీసుకొన్నారు. దాల్చిన చెక్క ఒలిచే సలాగమ కులస్థుడికీ, వరి పండించే రైతుకూ ఆ బల్లవద్ద కుర్చీ లేదు.

ఆ కుర్చీ లేకపోవడం వల్ల ఏం జరిగిందో ఏడాది తిరగకముందే బయటపడింది. దీవిని పట్టినది కంపెనీ సైన్యం కనుక పాలన మద్రాసుకు దక్కింది. మద్రాసు సివిల్ ఉద్యోగి రాబర్ట్ ఆండ్రూస్ రెవెన్యూ పర్యవేక్షకుడుగా వచ్చి, కోరమాండల్ తీరంలో తనకు అలవాటైన పద్ధతినే అక్కడ దించాడు. సింహళంలో భూమికీ సేవకూ ముడి ఉండేది: రాజుకో ప్రభుత్వానికో నిర్ణీతమైన పని చేసేవాడు ఆ పనికి బదులుగా పొలం అనుభవించేవాడు. రాజసేవ అనే అర్థంలో దీన్ని ‘రాజకారియ’ అనేవారు, దాన్ని నడిపించే స్థానిక పెద్దలను ముదలియార్లు అనేవారు. ఆండ్రూస్ ఏర్పాటు ఈ సేవను తోసివేసి పంటమీద పన్ను పెట్టింది, ముదలియార్ల స్థానంలో మద్రాసు నుంచి వచ్చిన అమీల్దార్లను, దుబాసీలను నిలిపింది, వసూళ్లను గుత్తకు ఇచ్చింది. వీటన్నిటికీ పైన కొబ్బరిచెట్టు మీద పన్ను వేసింది.

ఈ చివరి పన్నును కాస్త దగ్గరగా చూడాలి. తీరప్రాంతపు సింహళ కుటుంబానికి కొబ్బరిచెట్టు అంటే పెరటిలో నిలబడ్డ వంటిల్లు: కూరలోకి పాలు, దీపానికి నూనె, పైకప్పుకు ఆకు, తాడుకు పీచు, కల్లుకు గెల, అన్నీ దానివే. పొలం మీద పన్ను వేస్తే రైతు పంట చేతికి వచ్చినప్పుడు కడతాడు; చెట్టుచెట్టుకూ పన్ను వేస్తే, కాయ అమ్మినా అమ్మకపోయినా, ఇంటివాడు రొక్కం తెచ్చి కట్టాలి. రొక్కం అరుదైన ఊళ్లలో పరాయి భాష మాట్లాడే గుత్తదారు మనిషి పెరట్లోకి వచ్చి చెట్లు లెక్కపెట్టడమంటే కొత్త ప్రభుత్వం ఇంటి ఆవరణలోకి అడుగుపెట్టడమే. 1797లో తీరమంతటా తిరుగుబాటు లేచింది. అదే ఏడాది బ్రిగేడియర్ జనరల్ ద మెరాన్ అధ్యక్షతన విచారణ సంఘం ఏర్పడింది. పాత పద్ధతులకు మళ్లాలని, ముదలియార్లను తిరిగి నిలపాలని అది సిఫారసు చేయగా కొబ్బరి పన్ను పోయింది.

ఇక్కడొక పోలిక అవసరం. ఉత్తర సర్కారులలో కంపెనీ తన అధికారాన్ని 1765లో మొగలు చక్రవర్తి ఇచ్చిన ఫర్మానా మీద, 1766లో నిజాముతో చేసుకొన్న ఒప్పందం మీద నిలుపుకొంది. నిజాముకు కట్టే పేష్కషును 1823లో ఏకమొత్తం ఇచ్చి వదిలించుకొనే దాకా ఆ పాత ముసుగు అలాగే ఉంది. సింహళంలో అలాంటి చక్రవర్తి లేడు, సన్నదు లేదు. పాత అధికారపు పేరు వాడుకొనే వీలు లేనిచోట కొత్త అధికారం తన పేరు మీదనే రాసుకోవలసి వచ్చింది.

4. క్రౌన్ కాలనీ కాగితాలు

1798 అక్టోబరులో ఫ్రెడరిక్ నార్త్ తొలి బ్రిటిష్ గవర్నరుగా దిగాడు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలంలో ప్రధానమంత్రిగా ఉన్న లార్డ్ నార్త్ కుమారుడు ఇతడు. నియమించినది రాజు, లోబడవలసినది కంపెనీకీ గవర్నర్ జనరల్‌కూ. ఈ రెండు కాడుల పద్ధతిలో మద్రాసు ఉద్యోగులకూ గవర్నరుకూ పొసగలేదు. చివరకు 1802 జనవరి 1 నుంచి సింహళ తీరప్రాంతం కంపెనీ చేతినుంచి తప్పి నేరుగా రాజుగారి ప్రభుత్వం కిందికి వెళ్లింది. ఇలాంటి ప్రాంతాన్ని ‘క్రౌన్ కాలనీ’ అంటారు. ఆ ఏడాది మార్చి 27న జరిగిన అమియాన్ సంధిలో హాలెండు ఈ భూభాగాన్ని పూర్తి సార్వభౌమత్వంతో బ్రిటన్‌కు వదులుకొంది. క్రమాన్ని గమనించదగును: కాలనీ ముందు ఏర్పడింది, హక్కుపత్రం తరువాత వచ్చింది.

క్రౌన్ కాలనీని నిలబెట్టినవి నాలుగు రకాల కాగితాలు. మొదటిది నియామక పత్రం: మహాముద్ర వేసి గవర్నరును నియమించి, అతని అధికారాలను బహిరంగంగా చాటేది. రెండవది ఆదేశ పత్రం: ఆ అధికారాలను ఎలా వాడాలో, దేనికి లండను అనుమతి కావాలో గవర్నరుకు చెప్పేది. మొదటిది ప్రజలకు వినిపించే గొంతు. రెండవది గవర్నరు చెవిలో చెప్పిన మాట. మూడవది న్యాయ సన్నదు: కోర్టులను, న్యాయమూర్తులను, అప్పీళ్లను ఏర్పరచేది. నాలుగవది ప్రకటన: గవర్నరు తన అధికారంతో స్థానికంగా వెలువరించే ఆజ్ఞ. గవర్నరుకు తోడుగా ఒక సలహా మండలి ఉండేది. దాని మాట వినాలిగాని పాటించి తీరాలన్న నిర్బంధం లేదు. గవర్నరు చేసిన చట్టాన్ని లండను కొట్టివేయవచ్చు, దీవిలోనివారెవరూ కొట్టివేయలేరు.

ఈ కాగితాలలో ఈనాటిదాకా ఆయువున్నది 1799 సెప్టెంబరు 23 నాటి ప్రకటన. డచ్చి ప్రభుత్వ కాలంలో అమలులో ఉన్న చట్టాలూ పద్ధతులే ఇకముందు కూడా న్యాయానికి ఆధారమని, అవసరాన్ని బట్టి వాటిని సవరించే అధికారం ప్రభుత్వానికి ఉంటుందని అది చెప్పింది. చిత్రహింసను రద్దు చేసింది. డచ్చివారు తెచ్చినది ‘రోమన్-డచ్ చట్టం’, అంటే ప్రాచీన రోము ధర్మశాస్త్రాన్ని హాలెండు ఆచారాలతో కలిపి అక్కడి పండితులు తీర్చిదిద్దిన న్యాయం. దాని పక్కనే, యాళ్‌పాణం తమిళుల వారసత్వ, కట్న, కుదువ ఆచారాలను డచ్చివారు 1707 ప్రాంతంలో రాయించిన ‘తేశవళమై’ అనే సంహిత ఉండేది. దానికి 1806లో బ్రిటిష్ ప్రభుత్వం చట్టబద్ధత ఇచ్చింది. ముస్లింల వివాహ, వారసత్వ నియమాలు కూడా అదే ఏడాది రాతకెక్కాయి.

ఇది విశాల హృదయంతో చేసిన పని అనుకోవడం తేలిక. నిజానికి ఇది అవసరం నేర్పిన వివేకం. కొబ్బరి పన్ను పాఠం అప్పటికి రెండేళ్ల కిందటిదే. ఇంగ్లీషు ఆస్తి చట్టం తెలిసిన న్యాయవాదులు దీవిలో అరుదు. పాత చట్టాన్ని రద్దు చేస్తే డచ్చి కుటుంబాల దస్తావేజులన్నీ, తాకట్లన్నీ ఒక్కరోజులో వివాదంలో పడతాయి. ఏ కారణంతో ఇచ్చినా మాట మాటే. ఆస్తి, అప్పు, వారసత్వం దాని మీద అల్లుకొన్నాయి కనుక అది వేరూనింది. 1801 న్యాయ సన్నదుతో కొలంబోలో సుప్రీంకోర్టు వెలసింది. కాడ్రింగ్టన్ కారింగ్టన్ తొలి ప్రధాన న్యాయమూర్తి. దాని తీర్పుల మీద లండనులోని రాజుగారి మండలికి, అంటే ప్రీవీ కౌన్సిల్‌కు అప్పీలు వెళ్లేది. గవర్నరూ ప్రధాన న్యాయమూర్తీ ఇద్దరూ రాజు నియమించినవారే అయినా, ఒకరి అధికారానికి మరొకరు హద్దు అన్న భావనకు దీవిలో ఇదే మొదటి మెట్టు.

5. కాండీ: రాజును తీసివేసిన ఒడంబడిక

తీరం బ్రిటిష్‌వారిదైనా దీవి నడుమ కొండలలో కాండీ రాజ్యం స్వతంత్రంగా ఉండేది. 1739లో అక్కడి రాజు వీర నరేంద్రసింహుడు రాణివల్ల సంతానం లేక మరణించగా, రాణి సోదరుడైన నాయకుడు శ్రీ విజయ రాజసింహుడనే పేరుతో సింహాసనమెక్కాడు. అతని తరువాతివాడు కీర్తి శ్రీ రాజసింహుడు, 1753లో సయాం నుంచి భిక్షువులను రప్పించి, సింహళంలో తెగిపోయిన బౌద్ధ ఉపసంపదను, అంటే భిక్షువుల పూర్తి దీక్షను, పునరుద్ధరించినవాడు. దక్షిణాది నుంచి వచ్చిన కుటుంబం సింహళ బౌద్ధానికి ఇంత మేలు చేసినా, ఆస్థానంలోని సింహళ ప్రభువుల మనసులో పరాయితనపు భావన పూర్తిగా పోలేదు. తమిళులు తెలుగువారిని ‘వడుగ’ అని పిలిచే మాటతోనే సింహళ రచనలు కూడా ఈ వంశీయులను గుర్తించాయి. 1798లో రాజైన శ్రీ విక్రమ రాజసింహుడి కాలానికి ఆ చీలిక పగుళ్లు వేసింది. రాజు క్రూర శిక్షలకు దిగాడు, ప్రధాన ప్రభువు ఏహలేపొల బ్రిటిష్‌వారి వైపు తిరిగాడు. 1803లో యుద్ధం చేసి ఘోరంగా దెబ్బతిన్న బ్రిటిష్‌వారు ఈసారి ప్రభువుల సహకారంతో 1815 ఫిబ్రవరిలో కాండీ చేరారు. 18న రాజు పట్టుబడ్డాడు.

మార్చి 2న కాండీ రాజాస్థాన మండపంలో, చెక్కిన కొయ్యస్తంభాల నడుమ, గవర్నరు రాబర్ట్ బ్రౌన్‌రిగ్ ఎదుట పన్నెండు అంశాల ఒడంబడిక చదివారు. సింహళ భాష నేర్చి, ఏళ్ల తరబడి ప్రభువులతో రహస్య మంతనాలు నడిపిన జాన్ డి ఆయిలీ ఆ ఏర్పాటుకు సూత్రధారి. ఈ పత్రం వలస చరిత్రలో అరుదైనది: ఇక్కడ ఓడిన రాజు సంతకం లేదు, అతని ప్రభువులే అతన్ని పదవీచ్యుతుణ్ని చేసి, రాజ్యాన్ని బ్రిటిష్ సార్వభౌముడికి అప్పగించినట్లు రాసుకొన్నారు. జయించడం, వదులుకోవడం అన్న రెండు పద్ధతులకూ ఇది మధ్యస్థమైన మూడవ పద్ధతి.

అందులోని అంశాలను వరుసగా చదివితే దాని నిర్మాణం తెలుస్తుంది. మొదట రాజు క్రూరత్వాన్ని ఏకరువు పెట్టి, అతడూ అతని వంశమూ సింహాసనార్హత శాశ్వతంగా కోల్పోయారని ప్రకటించారు. మూడవ అంశం అతని మగ బంధువులను ప్రభుత్వానికి శత్రువులుగా ఎంచి, అనుమతి లేకుండా కాండీ ప్రాంతంలో అడుగుపెట్టరాదంది. ఈ వంశాన్నీ దాని పరివారాన్నీ పత్రం ‘మలబారు’ అని పిలిచింది. ఆనాటి ఆంగ్లేయులు తమిళులతో సహా దక్షిణాదివారిని పిలిచిన వదులు మాట అది. ఆ ఒక్క మాటలో మదురై, తెలుగు మూలాలు, మూడు తరాల కాండీ జీవితం అన్నీ చెరిగిపోయి, ఒక కుటుంబం మొత్తం పరదేశిగా మారిపోయింది. నాలుగవ అంశం అధికారాన్ని బ్రిటిష్ సార్వభౌముడికి ఒప్పగించి, ఆ వాక్యంలోనే ప్రభువుల పదవులకు, ప్రజల చట్టాలకు, ఆచారాలకు, ఆస్తికి రక్షణ ఇచ్చింది. అయిదవది బౌద్ధధర్మాన్ని ఉల్లంఘించరానిదిగా ప్రకటించి, దాని ఆచారాలను, భిక్షువులను, ఆలయాలను పోషించి కాపాడతామంది. తరువాతి అంశాలు అంగచ్ఛేదాన్ని నిషేధించాయి, గవర్నరు రాతపూర్వక ఆజ్ఞ లేనిదే మరణశిక్ష అమలు చేయరాదన్నాయి, సివిల్, క్రిమినల్ న్యాయం పాత పద్ధతిలోనే స్థానికాధికారుల చేతిమీదుగా నడుస్తుందన్నాయి. చివరి మాటకు ఒక తోక ఉంది: అన్యాయాలను సరిదిద్దే, దుర్వినియోగాన్ని సంస్కరించే అధికారం ప్రభుత్వానికి ఉంటుంది. ఏది దుర్వినియోగమో నిర్ణయించేదెవరో మాత్రం పత్రం చెప్పలేదు.

ఆ రోజు నుంచి ఒకే దీవిలో ఒకే గవర్నరు రెండు వేరువేరు అధికారాలతో నిలబడ్డాడు. తీరంలో అతని చుట్టూ సలహా మండలి, సుప్రీంకోర్టు ఉన్నాయి. కొండలలో సుప్రీంకోర్టు పరిధి లేదు, మండలి లేదు, అతని మాటే చట్టం. తీరానికి రక్షణ కోర్టులో ఉంది. కాండీకి రక్షణ ఒక్క ఒడంబడికే. అంటే, దాన్ని పాటించవలసినవాడి మనసే.

6. మూడేళ్ల ఎనిమిది నెలలు

1817లో ఊవ ప్రాంతంలో తిరుగుబాటు మొదలై కొండలంతటా పాకింది. తిరుగుబాటును అణచడానికి వెళ్లిన ప్రభువు కెప్పెటిపొల తానే తిరుగుబాటుదారులలో చేరిపోయాడు. సైన్యశాసనం విధించారు, ఊళ్లు తగలబెట్టారు, పొలాలు పాడుపెట్టారు. 1818 చివరికి తిరుగుబాటు అణగిపోయింది. కెప్పెటిపొలకు నవంబరు 26న శిరచ్ఛేదం జరిగింది.

దానికి అయిదు రోజుల ముందు, నవంబరు 21న, బ్రౌన్‌రిగ్ ఒక ప్రకటన వెలువరించాడు. 1815 ఒడంబడిక ఇరుపక్షాల మధ్య ఒప్పందం. 1818 ప్రకటన ఒక పక్షం ఆజ్ఞ. ప్రభువుల అధికారాలను అది కత్తిరించి బ్రిటిష్ ఏజెంట్ల కిందికి తెచ్చింది, పాత సుంకాల స్థానంలో ధాన్యం మీద పన్ను పెట్టింది, పెద్ద నేరాల విచారణను బ్రిటిష్ అధికారులకు అప్పగించింది. బౌద్ధధర్మాన్ని గురించిన అంశాన్ని 1815 పత్రం పక్కన పెట్టి చదివితే తేడా కంటికి తగులుతుంది. మొదటి పత్రంలో ఆ ధర్మం ఉల్లంఘించరానిది. రెండవదానిలో భిక్షువులకు, ఉత్సవాలకు వెనకటి గౌరవం దక్కుతుందన్న మాట మాత్రమే మిగిలింది, ఇతర మతాలకూ రక్షణ ఉంటుందన్న మాట వచ్చి చేరింది. ఇతర మతాలకు రక్షణ ఇవ్వడం తప్పు కాదు, అది మంచి పని. ఇచ్చిన మాటలోని బరువైన పదాన్ని, ఇచ్చుకొన్నవారిలో ఒక పక్షమే రెండవ పక్షాన్ని అడగకుండా తీసివేయగలగడం ఇక్కడి అసలు సంగతి.

ప్రభువులలో కొందరు ముందుగా మాట తప్పారు కనుక రాజుకూ ఆ మాట కట్టుబాటు కాదన్నది ఆనాటి పాలకుల వాదం. తిరగబడినవారి మీద ఆ వాదం కొంత చెల్లవచ్చు. తిరగబడని ఊళ్లకు, భిక్షువులకు, రైతులకు ఇచ్చిన మాట వారి తప్పు లేకుండానే పోయింది. వారు ఏ కోర్టుకూ వెళ్లలేకపోయారు. కొలంబో సుప్రీంకోర్టు తలుపు వారికి తెరచి లేదు. తలుపు తెరచి ఉన్నా ఫలితం దక్కేదన్న నమ్మకం లేదు. రాజ్యాల మధ్య జరిగిన ఒప్పందాలు, స్వాధీనాలు ప్రభుత్వపు రాజ్యాధికార చర్యలని, సాధారణ న్యాయస్థానాలు వాటిని విచారించలేవని ఇంగ్లీషు న్యాయపు వాదన. తంజావూరు రాజు ఆస్తిని కంపెనీ జప్తు చేసిన సందర్భంలో 1859లో ప్రీవీ కౌన్సిల్ తేల్చినది అదే. మద్రాసు సుప్రీంకోర్టు రాణికి అనుకూలంగా ఇచ్చిన తీర్పు ఆ మాటతో రద్దయిపోయింది. షరతులు పవిత్రమన్న మాన్స్‌ఫీల్డ్ వాక్యం పుస్తకంలో నిలిచింది. దాన్ని అమలు చేయించే చేయి ఓడినవారి ప్రపంచంలో ఎక్కడా లేదు.

7. 1833: ఒక దీవి, ఒక ప్రభుత్వం

రెండు రకాల పాలన ఖర్చు పెంచుతోందన్న కారణంతో లండను విలియం కోల్‌బ్రుక్, చార్లెస్ కామెరాన్ అనే ఇద్దరు కమిషనర్లను పంపింది. వారి నివేదికల ఫలితంగా 1832లో రాజకారియ రద్దయింది; 1833లో కాండీ ప్రాంతం ప్రత్యేక ఉనికి కోల్పోయి, దీవి మొత్తం అయిదు రాష్ట్రాలుగా ఒకే ప్రభుత్వం కిందికి వచ్చింది. కొత్త న్యాయ సన్నదు సుప్రీంకోర్టు పరిధిని దీవి అంతటికీ విస్తరించింది. గవర్నరుకు తోడుగా కార్యనిర్వాహక మండలి, శాసన మండలి ఏర్పడ్డాయి. శాసన మండలిలో పదిహేను మంది. తొమ్మిదిమంది అధికారులు, ఆరుగురు అనధికారులు. ఆ ఆరుగురిలో ముగ్గురు యూరోపియన్లు, ఒక సింహళుడు, ఒక తమిళుడు, ఒక బర్గర్, అంటే డచ్చి తదితర యూరోపియన్ల సంతతివాడు. దీవి జనమంతటికీ చట్టం చేసే బల్లవద్ద స్థానికులకు దక్కిన చోటు అంతే; అదీ గవర్నరు నామినేట్ చేస్తేనే. అయినా 1796లో అసలే లేని కుర్చీ 1833లో మూడు కుర్చీలుగా కనిపించడం చిన్న సంగతి కాదు. తెగవారీగా కుర్చీలు పంచే అలవాటు కూడా అక్కడే పుట్టింది. ఆ అలవాటు తరువాతి కాలంలో దీవి రాజకీయాలకు భారమైంది.

8. తేలినది

ఈ నలభై ఏళ్ల కాగితాలను ఒక వరుసలో పేర్చి చూస్తే ఒక నియమం స్పష్టపడుతుంది. కొత్తగా చేతికి వచ్చిన దీవిని పాలించడానికి సామ్రాజ్యం పాత చట్టాన్ని కొనసాగిస్తానని మాట ఇస్తుంది, ఎందుకంటే ఆ మాట లేకుండా అక్కడ ఒక రోజు కూడా నిలవలేదు. ఆ మాట ఆస్తికి, అప్పుకు, వారసత్వానికి సంబంధించినదైతే, దాన్ని నిలబెట్టమని అడిగే కక్షిదారులు, వకీళ్లు, కోర్టు ఉంటారు కనుక అది నిలుస్తుంది. ఆ మాట ఒక ప్రజ స్వపరిపాలనకు, ధర్మానికి, గౌరవానికి సంబంధించినదైతే, దాన్ని నిలబెట్టమని అడిగే చోటు కల్పించడం ఆ పత్రం రాసినవారు మరచిపోతారు. అందువల్ల పాలితులకు ఇచ్చిన హామీని తూచవలసిన తూనికరాయి దానిలోని పదాల గంభీరత కాదు. ఆ హామీ తప్పితే పాలితుడు ఎవరి ఎదుట నిలబడి అడగగలడన్న ఒక్క ప్రశ్న. రాజ్యాంగాలు, ప్రత్యేక ప్రతిపత్తులు, విలీన ఒప్పందాలు, పునర్విభజన చట్టాలలోని హామీలు చదివే తెలుగు పాఠకులు ఈ ప్రశ్నను తమ పత్రాల ముందు కూడా పెట్టాలి. లక్ష్మణరావు కోరిన ఆధారబద్ధమైన చదువు అంటే అదే: శాసనంలోని ప్రశస్తిని పక్కనపెట్టి, దానం ఎవరికి, హద్దులేవి, తప్పినవాడికి శిక్ష ఏమిటన్న పంక్తుల దగ్గర ఆగడం.

1799 ప్రకటన కొనసాగించిన రోమన్-డచ్ చట్టం నేటికీ శ్రీలంక న్యాయస్థానాలలో సాధారణ న్యాయంగా నడుస్తోంది. 1815 ఒడంబడిక మూడేళ్ల ఎనిమిది నెలలకు మారిపోయింది. ఆ ఒడంబడిక పరదేశి అని తేల్చిన రాజు వేలూరు కోటలో పదహారేళ్లు బందీగా ఉండి 1832 జనవరి 30న మరణించాడు. ఆయన సమాధి వేలూరులో పాలారు ఒడ్డున ఉంది.